చలిమాసములలో చేపల చెఱువులు: మన కర్తవ్యము

ధనుర్మాసము సమీపించుచున్నది. వరికోతలు ముగిసి కుప్పలు నూర్పుల కెదురుచూచు ఈ దినములలో మన కర్షకునకు కళ్ళముపై నుండు దృష్టి చెఱువుపై నుండదు. ఇది సహజమే. ధాన్యము కన్నుల యెదుట నుండును. తెగులు సోకిన పైరు సైతము ఆకు పసుపువాఱి తన బాధను తానే చెప్పికొనును. చేప యట్లు కాదు. అది నీటిక్రిందనే బాధపడును, నీటిక్రిందనే నీరసించును. దాని రోగము మన కంటబడునప్పటికి అది వెల్లకిల తేలి గట్టునకు కొట్టుకొనివచ్చును. అందుచేత చలి ముదిరిన పిమ్మటగాక ముందుగనే ఈ విషయము ముచ్చటించుట యుక్తమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఏటేట పుష్యమాసమున మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు తఱచుగ నడుగు ప్రశ్న యొక్కటే: "చేపలు తేలుచున్నవి, ఏ మందు చల్లవలెను?" అడుగువారి యాదుర్దా మే మెఱుగనిది కాదు. అప్పు తెచ్చి, కౌలు కట్టి, మాసముల తరబడి పెంచిన సొత్తు నీటిపాలగుచుండగా ఎవ్వరి మనస్సు కుదుటబడి యుండును? అయినను, నిష్ఠురముగ నున్నను, చెప్పక తప్పదు. చలికాలమున నది మొదటి ప్రశ్న కారాదు; కడపటి ప్రశ్న కావలెను. చెఱువును కాపాడునవి మూడు: మేతయందు మితము, నీటిపై దృష్టి, పొరుగువానితో సత్యము. ఈ మూడును ఉన్నచోట మందుతో పని తక్కువ. ఈ మూడును లేనిచోట మందువలన ఫలము తక్కువ. మా యభిప్రాయ మింతియే. దానికి గల కారణములను క్రింద వివరించెదము.

మనది నీరు గడ్డకట్టు దేశము కాదుగదా, చేపకు చలి యేమి చేయునని కొందఱందురు. కృష్ణా గోదావరి మండలములలో నీరు గడ్డకట్టదు, నిజమే. కాని మన చెఱువులలో పెరుగు బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు వెచ్చని నీటికి అలవాటుపడిన జాతులు. పశువునకును మనుష్యునకును వలె చేపకు తన దేహమందు వేఱుగ నొక వేడిమి లేదు. నీటి వేడి యెంతయో దాని యొంటి వేడియు నంతయే. నీరు 25 మొదలు 32 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు నున్నప్పుడు ఈ జాతులు చక్కగ తిని చక్కగ పెరుగును. అది 20 డిగ్రీల చేరువకు దిగినప్పుడు వాని యాకలి మందగించును, జీర్ణశక్తి తగ్గును, కదలిక తగ్గును. అన్నిటికంటె ముఖ్యముగ, గాయము మాన్పుకొనుటకును రోగము నెదుర్కొనుటకును దేహమునకు గల శక్తి సన్నగిల్లును. ఆ చలియందే కొన్ని సూక్ష్మమైన బూజులు చురుకుగ వృద్ధిపొందును. ఇట్లు మన ప్రాంతమున చలి తానుగ చేపను చంపుట యరుదు. చేపను దుర్బలముచేసి శత్రువున కప్పగించును.

ఇచట చదువరుల కొక సందేహము కలుగవచ్చును. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ కరగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 30 డిగ్రీల మంచినీరు లీటరునకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టియుంచగా, 20 డిగ్రీల నీరు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టియుంచగలదు. అట్లయిన శీతకాలపు వేకువలలో చేపలు నోళ్ళు తెఱచుకొని పైకేల వచ్చుచున్నవి? గాదె పెద్దదైనంతమాత్రమున ధాన్యము నిండుగ నున్నదని యర్థము కాదు. చెఱువులో ప్రాణవాయువును ప్రధానముగ పుట్టించునది నీటికి పచ్చదనమిచ్చు కంటి కగపడని నాచు. అది పనిచేయుటకు ఎండ కావలెను. పుష్యమాసమునకు పూసగ్రుచ్చునంత ప్రొద్దని పెద్దలన్నారు. పగలు పొట్టి, రాత్రి పొడుగు. అందును ప్రొద్దెక్కువఱకు మంచుతెర విడువదు. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టెనా, రెండు మూడు దినములు సూర్యదర్శనమే యుండదు. రాబడి తగ్గినను వ్యయము మాత్రము రాత్రి యంతయు సాగుచునే యుండును: చేపలు పీల్చును, నాచు పీల్చును, అడుగు బురదయు పీల్చును. తెల్లవారుజామునకు గాదె అడుగంటును.

దీనికి తోడు మఱియొక యపాయము కలదు. పైనీరు చల్లబడినచో బరువెక్కి క్రిందికి దిగును. క్రిందినున్న వెచ్చని నీరు పైకి వచ్చును. దినదినము కొంచెము కొంచెముగ జరిగిన నిది మేలే. కాని పలుదినములు నిశ్చలముగ నున్న చెఱువుపై నొక్క రాత్రిలో చలిగాలియు వానయు పడినచో నీరంతయు నొక్కమాఱుగ తిరుగబడును. అడుగున చిక్కియున్న ప్రాణవాయువు లేని నీరు, కుళ్ళిన మేతనుండి పుట్టిన అమ్మోనియా, మురిగిన గ్రుడ్డు వాసన వేయు హైడ్రోజన్ సల్ఫైడు ఒక్కసారిగ పైకి వచ్చి చేపలను కమ్ముకొనును. తెల్లవారి చచ్చిన చేపలను చూచిన రైతు, ఎవరో విషము కలిపిరని శంకించును. పలుమాఱు ఆ విషము తన చేతితో తానే మాసముల తరబడి అడుగున కూడబెట్టినదని గ్రహింపడు.

ఇక మేత సంగతి. మన ప్రాంతమున నూనె తీసిన తవుడును, వేరుశనగ చెక్కనో ప్రత్తిచెక్కనో కలిపి, రంధ్రములు పొడిచిన సంచులలో నింపి, చెఱువులో పాతిన గెడలకు కట్టుట వాడుక. అది మంచి పద్ధతియే. చేప సంచివద్దకు వచ్చి తనకు వలసినంత తాను తినును. చేతితో చల్లినప్పటివలె మేత వృథాపోదు. కాని ఆశ్వయుజమున కట్టిన లెక్కనే పుష్యమున గూడ కట్టుట మన కలవాటైనది. ఒక్క లెక్క చూడుడు. ఎకరము చెఱువులో సగటున 800 గ్రాముల చేపలు 2,000 ఉన్నవనుకొందము. వాని మొత్తము బరువు 1,600 కిలోలు. నూటికి 2 వంతున దినమునకు 32 కిలోల మేత కట్టుదుము. చలి ముదిరిన దినములలో చేపలు నూటికి 1 వంతు మాత్రమే తిన్నచో దినమునకు 16 కిలోలు మిగులును. ఇట్లు 60 దినములు గడచిన 960 కిలోలు, అనగా 50 కిలోల బస్తాలు పందొమ్మిది, ఒక్క ఎకరము చెఱువు అడుగున చేరును. ఈ రైతు చేపలను మేపుటలేదు, బురదను మేపుచున్నాడు. ఆ బురద ఊరకుండదు. కుళ్ళుటకు దానికి ప్రాణవాయువు కావలెను. దానిని చేప మొప్పలవద్దనుండియే లాగికొనును.

మేత తగ్గింపుడని చెప్పినప్పుడు మాకు వినవచ్చు సమాధానములు రెండు. మేత తగ్గిన తూకము తగ్గుననునది మొదటిది. ఆకలిలేని బిడ్డ నోట అన్నము కుక్కినంతమాత్రమున ఒళ్ళు చేయునా? చల్లని నీటిలో చేప పెరుగుదల యెట్లును మందగించును; మేత పెంచి దానిని త్వరపెట్టుట సాధ్యము కాదు. మాఘము దాటి నీరు వెచ్చబడగనే ఆరోగ్యముతో నున్న చేప చుఱుకుగ తిని మఱల పెరుగసాగును. చచ్చిన చేప పెరుగదు.

రెండవ సమాధానము పైకి చెప్పనిది. పలువురకు మేత అప్పుపై వచ్చును. అప్పిచ్చినవాడే చేపను కొనును. నెలకిన్ని బస్తాలు తీసికొనకున్న అతనికి మనస్సు కష్టము. అతనికి మనస్సు కష్టమైన పట్టుబడినాడు ధరకు కష్టము. ఈ మాటను మేము తేలికగ త్రోసివేయజాలము. ఎవరి యంగడినుండి అప్పు తెత్తుమో వారి తక్కెడలోనే మన చేపయు తూగుచున్నంతకాలము, చెఱువులో ఎంత వేయవలెనను నిర్ణయము గట్టుపై నిలిచినవానిది కాదు. మన దేశమున 1904లో సహకార సంఘముల చట్టము పుట్టినది అప్పుబంధమును సడలించుటకే గదా. చలికాలపు రెండు మాసములకును మేత పద్దు సంఘము తన చేతిలోనికి తీసికొని, సభ్యుడు వాడని బస్తాలను అతని పేరనే గిడ్డంగిలో నుంచి, ఎండలు వచ్చిన పిమ్మట ఇచ్చు ఏర్పాటు చేసినచో ఈ యొత్తిడి కొంతవఱకైన తగ్గును. గిడ్డంగి మాత్రము తేమలేనిదై, బస్తాలు నేలను తగులక బల్లలపై నుండవలెను. బూజుపట్టిన మేత వేయుటకంటె వేయకుండుటయే మేలు.

ఎంత తగ్గింపవలెననునది పంచాంగము చూచి చెప్పునది కాదు. సంచియే చెప్పును. కట్టిన రెండు మూడు గంటలకు సంచిని పైకెత్తి చూడవలెను. మేత మిగిలియున్న మఱునాడు నాల్గవవంతు తగ్గింపవలెను. మఱునాడును మిగిలిన మఱియొక నాల్గవవంతు. సంచులను తెల్లవారుజామున గాక 9, 10 గంటలకు ఎండ నీటికి తగిలిన పిమ్మట కట్టవలెను. మబ్బుపట్టిన దినమున మేత సగము చేయుట, చేపలు నీటిపై నోళ్ళు తెఱచిన దినమున పూర్తిగ మానుట ఉత్తమము. ఒక్కదినము పస్తున్న చేప చావదు. ఒక్క రాత్రి ఊపిరాడని చేప చచ్చును. పశువుల పేడ, కోళ్ళ యెరువు మొదలగు వానిని గూడ ఈ దినములలో తగ్గింపవలెను, ఏలయన కుళ్ళు ప్రతి వస్తువును ప్రాణవాయువును ఖర్చుపెట్టునదే.

చెఱువులో చేప యెంత యుండవలెననునది మఱియొక విచారము. కార్తీకమున పలువురు నీచు ముట్టరు గనుక ఇచ్చటి అంగడులలో బేరము మందగించును. ఆ సాకుతో పట్టుబడి వాయిదావేసి, చలి ప్రవేశించునప్పటికి చెఱువును క్రిక్కిఱిసి యుంచుకొనుట కొందఱి కలవాటైనది. మన చేపలో ఎక్కువ భాగము మంచుగడ్డల నడుమ లారీలకెక్కి బంగాళమునకును అస్సామునకును పోవునదే. అచ్చటివారికి మన కార్తీక నియమములతో పనిలేదు. అంగడి పరిమాణమునకు వచ్చిన చేపను చలికి ముందే కొంత తీసివేసి చెఱువును పలుచన చేసికొన్నవాడు రెండు విధముల లాభపడును: చేతికి కొంత సొమ్ము వచ్చును, మిగిలినవానికి గాలి యాడును. చలి ముదిరిన పిమ్మట మాటిమాటికి వల లాగుట మంచిది కాదు. వల రాపిడికి పొలుసూడిన చోట గాయము చల్లని నీటిలో త్వరగ మానదు. దానిపై దూదివంటి తెల్లని బూజు పట్టును. తప్పనిసరియైన ఎండ వచ్చిన పిమ్మట, మెల్లగ, ఒక్కమాఱే లాగవలెను.

నీటిలోతు 5, 6 అడుగులకు తగ్గకుండ చూచుకొనవలెను. లోతు తక్కువయైన నీరు రాత్రికి రాత్రియే చల్లబడును. లోతుగల చెఱువులో చేపకు దిగి తలదాచుకొను చోటుండును. బోరు నీరు చలికాలమున గాలికంటె వెచ్చగ నుండుటచే ఉపకరించును గాని, భూమినుండి వచ్చు నీటిలో ప్రాణవాయువు స్వల్పము. దానిని నేరుగ వదలక బల్లపైనో రాళ్ళపైనో పడి చిందునట్లు చేయవలెను. ఏరేటరు గలవారు నడిరేయి దాటినది మొదలు ప్రొద్దుపొడుచువఱకు నడపుట ముఖ్యము; అపాయకాలము అదియే. అది లేనివారు ఆ వేళ పంపుతో చెఱువు నీటినే తోడి తిరిగి చెఱువులోనికే చిమ్మించిన కొంత మేలు కలుగును.

సున్నము మన పెద్దల కాలమునుండి యెఱిగినదే. నెలకు ఎకరమునకు 40 మొదలు 80 కిలోల వఱకు, నీటి స్థితినిబట్టి, నీట కలిపి చల్లార్చి చెఱువంతట చల్లుట వాడుక. సున్నము నీటి పులుపును తగ్గించును, అడుగు బురదను శుద్ధిచేయును. కాని మంచిదిగదా యని మితిమీఱరాదు. ముందుగ నీటి పి.హెచ్. చూడవలెను. అది 8.5 దాటియున్నచో సున్నము వేయరాదు. అట్టి నీటిలో అమ్మోనియా మఱింత విషమగును. పరీక్ష కాగితము వెల కొలదిది. అది చూడక చల్లిన సున్నపు బస్తా వెల ఎక్కువ.

చలిమాసములలో భయపడవలసిన రోగములలో మొదటిది పుండ్ల తెగులు. చేప దేహముపై ఎఱ్ఱని మచ్చలుగ మొదలై, పొలుసులూడి, మాంసములోనికి తినివేసికొనిపోవు లోతైన పుండ్లగును. దీనికి మూలము ఎఫనోమైసిస్ అను బూజువంటి సూక్ష్మజీవి. ఈ రోగము 1971లో జపానులోను, 1972లో ఆస్ట్రేలియాలోను గుర్తింపబడి, తూర్పు దేశములగుండ ప్రాకి, 1988లో మన దేశపు ఈశాన్య రాష్ట్రములలో ప్రవేశించి, తరువాతి సంవత్సరములలో పెక్కు రాష్ట్రములకు వ్యాపించినది. వానలు పడి నీరు పలుచనై, 18 మొదలు 22 డిగ్రీల చల్లదనము వచ్చినప్పుడు ఇది విజృంభించును. కాలువలలోని కొఱమీనులు, పరిగెలు దీనికి తఱచుగ ముందు లొంగును. కాలువ చేపపై పుండు కనబడెనా, అది మన చెఱువున కొక హెచ్చరిక యని గ్రహింపవలెను. భువనేశ్వరము చేరువ కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి జలచర సాగు సంస్థవారు దీనికొఱకు సిఫాక్సు అను మందును కనిపెట్టినారు; హెక్టారు విస్తీర్ణమున మీటరు లోతు నీటికి 1 లీటరు ప్రమాణము. రోగము తొలిదశలో నున్నప్పుడు ఇట్టి మందులు పనిచేయును. మాంసము కుళ్ళిన పిమ్మట ఏ మందును తిరిగి మాంసమును పెట్టజాలదు.

రెండవది చేపపేను. పప్పుబద్దవలె పలుచనై చేపను కఱచుకొని రక్తము పీల్చును. చేప గెడలకు ఒరసికొనుట, ఎగిరిపడుట దీని గుఱుతులు. ఇందులో పలువు రెఱుగని మర్మమొకటి కలదు. ఈ పురుగు తన గ్రుడ్లను నీటిలోని గట్టి వస్తువులపై, అనగా కొయ్యలపై, రాళ్ళపై, మన మేతసంచుల గెడలపై పెట్టును. మనము మేత కట్టుటకు పాతిన గెడయే పేనుకు పురిటిల్లగుచున్నది. గెడలను వంతులవారీగ పైకి తీసి, గీకి, ఎండలో బాగుగ ఎండబెట్టి తిరిగి పాతినచో, పైసా మందు లేకయే వేలకొలది పేలు పుట్టకమునుపే నశించును. పైరులకు కొట్టు పురుగుమందును చెఱువులో పోయుట సులభమే గాని, అది పేనుతోపాటు చేప కాహారమగు సూక్ష్మజీవులను గూడ చంపును.

ఈ సందర్భమున రూప్‌చందు, పంగాసు పెంచువారికి ప్రత్యేకముగ నొక మాట. మొదటిది దక్షిణ అమెరికా నదులది. రెండవది మెకాంగు నది ప్రాంతమునది. రెండును వేడినీటి జాతులు. బొచ్చె, శీలావతులవలె చలి నోర్వజాలవు. వీనిని చలికి ముందే అమ్ముకొనునట్లు పిల్లను వదలు కాలము నిర్ణయించుకొనుట క్షేమము.

మందుల విషయమున మా మాట నిర్మొగమాటముగ చెప్పెదము. క్లోరాంఫెనికాలు, నైట్రోఫ్యూరాను జాతి మందులు మనుష్యుల ఆహారమునకై పెంచు చేపలకు వాడుట నిషిద్ధము. అవి పేరు మార్చుకొని, సీసా మార్చుకొని వచ్చినను నిషిద్ధమే. బూజువలన పుట్టిన పుండునకు బాక్టీరియాను చంపు మందు వేయుట, తలనొప్పికి కాలికి కట్టుకట్టుట వంటిది. అందులకు మించి మనము వేయునది మన చెఱువుతో ఆగదు. తినువాని కంచమువఱకు పోవును. 2018లో ఫార్మలిను కలిసినదను అనుమానముపై అస్సాము ప్రభుత్వము ఇతర రాష్ట్రములనుండి వచ్చు చేపను కొంతకాలము నిలిపివేసినది మనకు జ్ఞాపకమే. ఆనాడు లారీ ఆగినప్పుడు, మంచివాని చేప యేది, తప్పుచేసినవాని చేప యేదని యెవ్వరును విడదీసి చూడలేదు. మన పేరు ఉమ్మడి పేరు.

రోగమును ఉమ్మడిదే. దీనికి దృష్టాంతముగ మా తప్పునే మేము చెప్పికొనవలసియున్నది. గడచిన శీతకాలమున సంఘపు లాగుడువల ఒక సభ్యుని చెఱువునకు పోయినది. ఆయన చేపలపై అప్పటికే పుండ్లున్నవి. చెప్పిన బేరగాడు ధర తగ్గించునని ఆయన చెప్పలేదు. ఆ సాయంకాలమే వల తడి యారకయే కాలువ కావలి చిన్న కౌలుదారుని ఎకరమున్నర చెఱువునకు పోయినది. రోగపు చెఱువు నీరును రాత్రివేళ అదే కాలువలోనికి వదలబడినది. మూడు వారములు తిరుగకముందే కౌలుదారుని చెఱువులో పుండ్లు కనబడినవి. వల తెచ్చినదా, నీరు తెచ్చినదా యని రుజువుచేయుట మాకు సాధ్యము కాదు. కాని మా పుస్తకము తెఱచి చూచుకొన్నప్పుడు మేము సిగ్గుపడితిమి. వల ఎవరింటికి పోయినది, అద్దె ఎంత వచ్చినది యన్నియు తేదీలతో వ్రాసియున్నవి. వల ఎండినదా యనుటకు గడియే లేదు. చెప్పని సభ్యునిది తప్పే. అడుగని సంఘముది అంతకంటె పెద్ద తప్పు.

కావున ఈ సంవత్సరము మన సంఘము ఈ క్రింది నియమముల నేర్పరచుకొనవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. మొదటిది, సంఘపు వల ఒక చెఱువునుండి వచ్చిన పిమ్మట బ్లీచింగు పొడి కలిపిన నీట తడిపి, జాడించి, రెండు దినములు ఎండబెట్టిన పిదపగాని రెండవ చెఱువునకు పోరాదు. ఆ సంగతి అద్దె పద్దుప్రక్కనే వ్రాయవలెను. రెండవది, సంఘము కొన్ని థర్మామీటర్లను, నీటి పరీక్ష సామగ్రిని కొని, ప్రతి కాలువ గట్టునకు నొక సభ్యుని వద్ద నుంచి, ఉదయపు నీటి వేడిని కార్యాలయపు పలకపై వ్రాయించవలెను. మూడవది, పుండు గాని పేను గాని కనబడినవాడు ఆ దినమే సంఘమునకు తెలుపవలెను. రోగపు చెఱువు నీటిని శుద్ధిచేయక కాలువలోనికి వదలరాదు. చచ్చిన చేపలను కాలువలో పాఱవేయక గొయ్యి తీసి సున్నము వేసి పూడ్చవలెను. నాల్గవది, ఏ మందైనను మత్స్యశాఖవారి సలహా లేక సంఘపు అంగడిలో అమ్మరాదు.

మూడవ నియమమునకే ఎక్కువ యాక్షేపణ వచ్చునని మేమెఱుగుదుము. తెలిపినవాని చేపకు ధర పడిపోయిన ఎవరు తీర్చెదరని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. నోరు విప్పినవానిని శిక్షించి, దాచినవానిని ధర యిచ్చి గౌరవించు సంఘములో సత్యము నిలువదు. కనుక ముందుగ తెలిపిన సభ్యునకు సంఘపు లాభమునుండి సున్నమును మందును ఉచితముగ నిచ్చి, పట్టుబడినాడు అతని బేరమునకు సంఘ ప్రతినిధి యెదుట నిలిచి మంచి చేపను వేఱుచేసి తగిన ధరకు అమ్మించుట సంఘము బాధ్యతగ నెంచవలెను. దాచినవాని కీ సహాయము లేదు. ఇందులకు సంఘమునకు కొంత వ్యయము కాగలదు. గడచిన సంవత్సరము ఒక్క కాలువ గట్టున పోయిన చేప వెలతో పోల్చిన నది అల్పము.

పొలమునకు గట్టు గలదు. ఇంటికి ప్రహరి గలదు. నీటికి గట్టున్నను మనమే తూము తెఱచుచున్నాము. ఒకడు తన చెఱువును ఎంత శ్రద్ధతో చూచుకొన్నను, పైనున్నవాడు వదలిన నీరే అతడు త్రాగించుకొనవలెను. కావున చలికాలమున చేపల యారోగ్యము ఒక్కొక్కరి నేర్పు కాదు, మనందఱి నీతి.

ఈ మాసాంతమున జరుగు సర్వసభ్య సమావేశమున ఈ నియమములు చర్చకు వచ్చును. సభ్యులెల్లరు విచ్చేసి, మా మాటలో లోపమున్న సవరించి, సరియని తోచిన ఆమోదింపవలెనని కోరుచున్నాము. సమావేశము వఱకైన ఆగనవసరము లేని పని యొకటి మాత్రము కలదు. రేపుదయము 10 గంటలకు కట్టిన మేతసంచిని మధ్యాహ్నమున ఒక్కమాఱు పైకెత్తి చూడుడు. అందులో మిగిలినదెంతయో చూచినచో, ఈ వ్యాసమున మేము చెప్పినదంతయు మీ చేతికే తెలియగలదు.